మన వీధి పద్మశ్రీలు

రోడ్డుమీద పడినవాణ్ని ఆటో ఎక్కించే చెయ్యి... నాలాకు అడ్డం పడిన చెత్తను లాగేసే చెయ్యి... రక్తం కావాలంటే ముందుగా చాచే చెయ్యి... ఆ చేతులకు దండం పెట్టేదెవరు? ఎందుకు పెట్టాలి? ఎలా పెట్టాలి?

దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి ఎల్బీనగర్‌ దాకా ఏ సందులోకైనా తొంగిచూడండి. ఎక్కడో ఒకచోట ఒక ఫ్లెక్సీ కనిపిస్తుంది. 'ఫలానా పురస్కారం అందుకున్న సందర్భంగా హృదయపూర్వక శుభాకాంక్షలు' అని ఉంటుంది. పురస్కారం అందుకున్నాయన ఫొటో మధ్యలో ఉంటుంది. అభినందించేవాళ్ల ఫొటోలు చుట్టూ ఉంటాయి. ఒక్కోసారి అవే పెద్దగా ఉంటాయి!

అదే సందులో ఇంకాస్త ముందుకెళితే, మూత లేని మ్యాన్‌హోల్‌ ఒకటి ఎదురవుతుంది. అందులో ఎవరో ఓ చెట్టుకొమ్మ పాతి, చివర ఎర్రగుడ్డ కట్టి పోయారు. రాత్రిపూట స్కూటరు మీద వచ్చేవాడు పడకుండా... పిల్లలు కాలు వేయకుండా. ఆ కొమ్మ పాతిందెవరో ఎవరికీ తెలియదు. ఆయనకు ఫ్లెక్సీ లేదు. అడిగితే, 'అదేం పెద్ద పనండీ' అంటాడు.

పెద్ద పనే! కాకపోతే దాన్ని పని అని గుర్తించే అలవాటు మనకు తక్కువ. గుర్తింపు కోసం చేస్తే అది సేవ ఎలా అవుతుందని కొందరి వాదన. నిజమే. కానీ గుర్తింపు అవసరం చేసినవాడికి కాదు... చూసేవాళ్లకి. 'మనమూ చేయొచ్చు, చేస్తే ఎవరూ మనల్ని ఇబ్బంది పెట్టరు, పైగా మెచ్చుకుంటారు' అన్న ధైర్యం పదిమందికి వస్తే, రేపు ఇంకో చెయ్యి సాయం పడుతుంది. సరైన సన్మానం చేసే మేలు అదే.

ఆ సాయంత్రం...

2013 ఫిబ్రవరి 21. గురువారం. సాయంత్రం ఏడు గంటల వేళ. ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు, కోచింగ్‌ సెంటర్ల నుంచి బయటికొచ్చే విద్యార్థులు, బస్సుల కోసం చూసేవాళ్లు... దిల్‌సుఖ్‌నగర్‌ కిటకిటలాడే సమయం. కొద్ది నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. 18 మంది మరణించారు. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ కేసులో ఐదుగురికి 2016లో ప్రత్యేక కోర్టు మరణశిక్ష విధించింది. 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని సమర్థించింది.

కోర్టు చెప్పిన తీర్పు అందరికీ తెలుసు. దోషుల పేర్లూ తెలుసు. ఆ సాయంత్రం పొగలోకి, రక్తంలోకి పరిగెత్తి, గాయపడినవాళ్లను ఎత్తుకుని, దొరికిన ఆటోలో, దొరికిన కారులో ఆస్పత్రికి చేర్చినవాళ్ల పేర్లు ఎన్ని తెలుసు మనకి? మరో బాంబు ఉందేమోనన్న భయం అందరికీ ఉంది. ఎందుకంటే ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో 2007 ఆగస్టు 25న, గోకుల్‌చాట్‌, లుంబినీ పార్కు పేలుళ్లు జరిగిన రాత్రే, పేలని బాంబు ఒకటి దొరికింది. అంతకుముందు 2002లో సాయిబాబా గుడి దగ్గర పేలుడు జరిగింది. అయినా జనం పరిగెత్తారు... దూరంగా కాదు, దగ్గరికి.

2020 అక్టోబరు వరదలప్పుడూ అంతే. 13వ తేదీ మొదలైన కుండపోత మర్నాటికి నగరాన్ని ముంచేసింది. సరూర్‌నగర్‌ చెరువు దిగువ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వీధుల్లో పడవలు తిరిగాయి. కింది వాటాల్లోనివాళ్లు మేడమీది వాళ్ల ఇళ్లలో తలదాచుకున్నారు. పాలప్యాకెట్లు, మంచినీళ్లు, పులిహోర పొట్లాలు మోకాలి లోతు నీళ్లలో చేతులు మారాయి. కరోనా భయం ఇంకా పోని రోజులవి. మాస్కులు తడిసిపోయాయి. ఎవరూ ఎవరికీ దూరంగా నిలబడలేదు.

నీళ్లు తీశాక ప్రభుత్వం పరిహారం లెక్కలు రాసుకుంది. ఇళ్లవాళ్లు పాడైన ఫ్రిజ్‌లు, తడిసిన సర్టిఫికెట్ల లెక్కలు చూసుకున్నారు. సాయం చేసినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

'మనకెందుకొచ్చిన గొడవ!'

అందరూ ఇలా ముందుకొస్తారా అంటే... రారు. ముఖ్యంగా రోడ్డు ప్రమాదాల దగ్గర. విజయవాడ వైపు వెళ్లే జాతీయ రహదారి, సాగర్‌ రోడ్డు, ఇన్నర్‌ రింగ్‌ రోడ్డు... అన్నీ కలిసేది ఎల్బీనగర్‌ చౌరస్తాలోనే. సంక్రాంతి వస్తే నగరం సగం ఇక్కడి నుంచే ఊళ్లకు బయల్దేరినట్టుంటుంది. అలాంటి చోట ఓ బండి జారిందంటే గుంపు క్షణంలో పోగవుతుంది. ఫోన్లు తీసి వీడియోలూ తీస్తారు. 'ఎవరైనా ఆస్పత్రికి తీసుకెళ్లండి' అంటారు. ఆ 'ఎవరైనా' మాత్రం దొరకడు!

మనవాళ్లకు జాలి లేక కాదు. భయం. 'తీసుకెళితే నువ్వే గుద్దావంటారు. పోలీసులు పేరు రాసుకుంటారు. ఆస్పత్రివాళ్లు డబ్బు కట్టమంటారు. ఆనక కోర్టు చుట్టూ తిరగాలి.' ఇంట్లో పెద్దలు పిల్లలకు నూరిపోసిన మాటలే ఇవి. సేవ్‌లైఫ్‌ ఫౌండేషన్‌ అనే సంస్థ 2013లో చేసిన అధ్యయనంలో 74 శాతం మంది ప్రమాద బాధితులకు సాయం చేయడానికి వెనకాడతామన్నారు. వాళ్లలో 88 శాతం మంది చెప్పిన కారణం... పోలీసులు, కోర్టులతో వచ్చే తలనొప్పి.

ఆ సంస్థ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2016 మార్చి 30న సాయం చేసేవారి రక్షణకు సంబంధించిన మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 134ఏ అనే సెక్షన్‌ చేర్చారు. దాని ప్రకారం, ప్రమాద బాధితుడికి మంచి మనసుతో, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవారి మీద సివిల్‌ కేసుగానీ క్రిమినల్‌ కేసుగానీ పెట్టకూడదు. తీసుకెళ్లే క్రమంలో తెలియక జరిగిన పొరపాటుకూ వాళ్లను బాధ్యుల్ని చేయకూడదు. పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయకూడదు. చెప్పాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. సాక్షిగా ఉండమనీ బలవంతపెట్టకూడదు. ఈ హక్కులన్నీ ఆస్పత్రి ప్రవేశద్వారం దగ్గర ఇంగ్లిషు, హిందీతోపాటు స్థానిక భాషలోనూ రాసిపెట్టాలని 2020లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి.

ప్రమాదం జరిగిన తొలి గంటకు 'గోల్డెన్‌ అవర్‌' అని పేరు. ఆ గంటలో వైద్యం అందితే బతికే అవకాశం బాగా ఎక్కువ. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు దాదాపు 1.72 లక్షల మంది. 'మనకెందుకొచ్చిన గొడవ' అన్న మాటకు మనం ఎంత మూల్యం చెల్లిస్తున్నామో ఆ అంకె చూస్తే కొంత అర్థమవుతుంది.

పతకమూ... పాతికవేలూ

భయం పోగొట్టాక ప్రోత్సాహం. బాధితుణ్ని గోల్డెన్‌ అవర్‌లో ఆస్పత్రికి చేర్చి ప్రాణం కాపాడినవారికి 5 వేల రూపాయల బహుమతి, ప్రశంసాపత్రం ఇచ్చే పథకాన్ని కేంద్రం 2021 అక్టోబరులో మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్‌లో దానికి 'రాహ్‌వీర్‌' అని పేరుపెట్టి, మొత్తాన్ని 25 వేలకు పెంచింది. దేశం మొత్తంమీద పదిమంది ఉత్తములకు లక్ష రూపాయల చొప్పున ప్రత్యేక పురస్కారమూ అందులో భాగం.

ఈ పథకంలో చూడాల్సింది డబ్బు ఒక్కటే కాదు. ఎంపిక చేసే తీరు. సాయం చేసినవారు దరఖాస్తు పట్టుకుని తిరగాల్సిన పనిలేదు. బాధితుణ్ని తెచ్చిందెవరో, ఎప్పుడు తెచ్చారో డాక్టరు చెబుతారు. దాన్నిబట్టి పోలీసులు రసీదు ఇస్తారు. ఒక ప్రతి జిల్లా కమిటీకి వెళుతుంది. కలెక్టరు, పోలీసు, వైద్య, రవాణా శాఖల అధికారులు ఉండే ఆ కమిటీ పరిశీలించి నిర్ణయిస్తుంది. అంటే... చేసిన పని ఒకటుంది, చూసినవాళ్లున్నారు, సరిచూసే వ్యవస్థ ఉంది. ఏ పురస్కారానికైనా ఈ మూడే పునాది.

నీళ్లలో మునిగిపోతున్నవారిని, మంటల్లో చిక్కుకున్నవారిని, కరెంటు షాకు కొట్టినవారిని ప్రాణాలకు తెగించి కాపాడితే 'జీవన్‌ రక్షా పదక్‌' ఉంది. సర్వోత్తమ్‌, ఉత్తమ్‌, జీవన్‌ రక్షా పదక్‌ అని మూడు స్థాయులు. రాష్ట్ర ప్రభుత్వాలూ వీటికి పేర్లు పంపుతాయి. చెరువుల పక్కన కాలనీలున్న మన తూర్పు హైదరాబాద్‌లో ఇలాంటి సాహసాలు చేసే కుర్రాళ్లకు కొదవుండదు. ఇలాంటి పతకం ఒకటుందనే చాలామందికి తెలియదు.

పెన్షనుతో గుంతలు పూడ్చాయన

పురస్కారం రాకముందు ఎంతోమంది వింటారు... 'పిచ్చోడు' అన్న మాట.

కట్నం గంగాధర తిలక్‌ సంగతే చూడండి. రైల్వేలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. 2010లో ఓ రోజు కారులో వెళుతుంటే చక్రం గుంతలో పడి, బడికెళుతున్న పిల్లల మీద బురద చిమ్మింది. ఆయన మనసు చివుక్కుమంది. ఐదువేలు ఖర్చుపెట్టి కంకర తెప్పించి ఆ గుంతలు పూడ్చారు. అక్కడితో ఆగలేదు. కారులో సంచులు వేసుకుని, ఎక్కడ గుంత కనిపిస్తే అక్కడ దిగడం మొదలుపెట్టారు. పెన్షను డబ్బు దానికే పోతుంటే ఇల్లాలు బెంగపడి, అమెరికాలో ఉన్న కొడుక్కి చెప్పింది. తండ్రికి నచ్చజెప్పాల్సిన కొడుకు తానూ ఆ పనిలోనే చేరిపోయాడు! 'శ్రమదాన్‌' పేరుతో తోడ్పాటు కూడగట్టాడు. తర్వాత జీహెచ్‌ఎంసీ సామగ్రి ఇవ్వడానికి ముందుకొచ్చింది. ఇప్పుడు ఆయన్ని జనం పిలుచుకునే పేరు 'రోడ్‌ డాక్టర్‌'. ఆ బిరుదు ఏ వేదిక మీదా ఇచ్చింది కాదు. గుంతలో పడకుండా ఇంటికి చేరినవాళ్లు ఇచ్చింది.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లి దరిపల్లి రామయ్యదీ అదే కథ. జేబులో విత్తనాలు, సైకిలు మీద మొక్కలు పెట్టుకుని తిరుగుతుంటే ఊళ్లో నవ్వారు. భార్య జానమ్మ మాత్రం నవ్వలేదు, తోడుగా నడిచింది. కోటి మొక్కలు నాటిన మనిషిగా పేరు తెచ్చుకున్న రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది. 'వనజీవి' ఆయన ఇంటిపేరైపోయింది. 2025 ఏప్రిల్‌ 12న కన్నుమూసే నాటికి ఆయన నాటిన మొక్కలు ఎందరికో నీడనిచ్చే చెట్లు.

మనకు దగ్గర్లోనే, దబీర్‌పురా ఫ్లైఓవర్‌ కింద 2012 నుంచి ఆకలిగొన్నవాళ్లకు అన్నం పెడుతున్న అజహర్‌ మక్సూసీని అడిగినా ఇలాంటి కథే వినిపిస్తుంది. ఒక్క మనిషి ఆకలి చూడలేక మొదలైంది... రోజూ వరసలో కూర్చునే పంక్తి అయింది.

ఈ ముగ్గురిలో ఎవరూ పురస్కారం కోసం మొదలుపెట్టలేదు. గుర్తింపు వచ్చాక మాత్రం వాళ్ల పని తేలికైంది. నవ్వినవాళ్లు సాయానికొచ్చారు.

పతకం తర్వాత?

శాలువా కప్పి, ఫొటో దిగి, చప్పట్లు కొట్టాక మన బాధ్యత తీరిపోతుందా?

నాగర్‌కర్నూల్‌ జిల్లాకు చెందిన కిన్నెర మొగిలయ్య సేవా కార్యకర్త కాదు, కళాకారుడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే విద్యను కాపాడుకొచ్చినందుకు 2022లో పద్మశ్రీ అందుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేళ్లు గడిచాయి. 2024 మేలో ఆయన కనిపించింది ఎక్కడో తెలుసా? మన ఎల్బీనగర్‌ అవతలి తుర్కయాంజాల్‌లో, ఇల్లు కడుతున్నచోట కూలిపనిలో! నెలనెలా వచ్చే పదివేల గౌరవ వేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. ఆ ఫొటో చూసి రాష్ట్రమంతా కలతపడింది. అదే ఏడాది హయత్‌నగర్‌ ప్రాంతంలో 600 గజాల ఇంటి స్థలం పత్రాలు ఆయనకు అందాయి.

పద్మ పురస్కారంతో నగదు రాదు. దాన్ని పేరుకు ముందో వెనకో బిరుదుగా తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అది గౌరవం మాత్రమే. గౌరవం కడుపు నింపదు. కాబట్టి ఎవరినైనా సన్మానించాలనుకున్నప్పుడు 'ఈయనకు ఏం కప్పుదాం' అని కాదు, 'ఈయనకు ఏం కావాలి' అని అడగడం మొదలుపెట్టాలి. నాలా శుభ్రం చేసేవాడికి కావలసింది శాలువా కాదు... మోకాళ్ల దాకా వచ్చే బూట్లు, చేతి తొడుగులు. పేదపిల్లలకు సాయంత్రం పాఠాలు చెప్పే అమ్మాయికి జ్ఞాపిక కాదు... ఓ గది, నల్లబల్ల, ట్యూబులైటు.

దండకో రేటు

ఇంకో రకం పురస్కారాలున్నాయి. 'మీ సేవలను గుర్తించి మిమ్మల్ని ఎంపిక చేశాం' అని ఫోను వస్తుంది. ఎంపిక చేసిందెవరో తెలియదు. ఏ సేవో వాళ్లూ చెప్పరు. చివర్లో అసలు విషయం బయటపడుతుంది... హాలు అద్దె, జ్ఞాపిక, భోజనాల ఖర్చులకు 'విరాళం' ఇవ్వాలి. కాస్త ఎక్కువిస్తే గౌరవ డాక్టరేటు కూడా ఉందంటారు!

గుర్తింపు కోసం ఆశపడటం నేరం కాదు. ముప్ఫయ్యేళ్లు కాలనీ కోసం తిరిగిన పెద్దమనిషికి ఒక్కరైనా 'మంచి పని చేశారండీ' అనకపోతే, ఆ కొరతను ఇలాంటివాళ్లు సొమ్ము చేసుకుంటారు. మనం ఉచితంగా చెప్పాల్సిన మాటను వాళ్లు డబ్బుకు అమ్ముతున్నారు. కొనుక్కున్న దండకు వాసన ఉండదు సరే... నిజంగా పనిచేసినవాడి మెడలోని దండనూ జనం అనుమానంగా చూస్తారు. అదీ అసలు నష్టం.

కాలనీలోనే ఎందుకు?

తూర్పు హైదరాబాద్‌లో చాలా కాలనీలు ప్లాట్లు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నవాళ్లు నిలబెట్టినవే. నల్గొండ, వరంగల్‌, ఖమ్మం నుంచి, కృష్ణా, గుంటూరు నుంచి వచ్చిన ఉద్యోగులు, టీచర్లు, చిన్న వ్యాపారులు... మట్టిరోడ్డు నుంచి డ్రైనేజీ దాకా అన్నీ తిరిగి తిరిగి తెచ్చుకున్నారు. ఎల్బీనగర్‌, గడ్డిఅన్నారం అప్పట్లో వేరే మున్సిపాలిటీలు. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడినప్పుడు మహానగరంలో కలిశాయి. ఊరు పెద్దదైంది, ఆఫీసు దూరమైంది. వీధిలో ఎవరు ఏం చేస్తున్నారో మహానగరానికి కనిపించదు. కాలనీకి కనిపిస్తుంది.

అందుకే ఆగస్టు 15న, జనవరి 26న జెండా ఎగరేసి, పిల్లలకు లడ్డూలు పంచే ఆ అరగంటలో ఓ పది నిమిషాలు ఇందుకు కేటాయిస్తే చాలు. పెద్ద హాలు అక్కర్లేదు. ముఖ్య అతిథి కోసం రెండు గంటలు ఎదురుచూడక్కర్లేదు. కొన్ని పద్ధతులు మాత్రం పెట్టుకోవాలి.

పేరుతోపాటు పనీ చెప్పాలి. 'విశిష్ట సేవలు' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'మూడు వానాకాలాలుగా ఈ మలుపులో మ్యాన్‌హోల్‌కు కాపలా ఉన్నందుకు' అంటే పిల్లలకూ అర్థమవుతుంది.

చూసినవాళ్లు చెప్పాలి. సాయం పొందినవాళ్లే మైకు పట్టుకుంటే మరీ మంచిది. కమిటీ సభ్యులు, వాళ్ల బంధువులు ఆ ఏడాది జాబితాలో ఉండకూడదు.

ఇక్కడ సొంతిల్లు లేనివాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి. అద్దెకున్నవాళ్లు, హాస్టళ్లలో ఉండే విద్యార్థులు, వాచ్‌మన్‌ కుటుంబాలు, చెత్త ఆటో నడిపేవాళ్లు... అర్ధరాత్రి రక్తం కావాలంటే ముందు లేచేది చాలాసార్లు హాస్టలు కుర్రాడే.

ఇష్టం లేనివారిని వేదిక ఎక్కించకూడదు. కొందరికి పేరు చెబితే ఇబ్బంది. వాళ్లింటికెళ్లి ఓ మాట చెప్పి, కాఫీ తాగి వస్తే అంతకన్నా సన్మానం లేదు.

మరుసటి ఏడాది అడగాలి... 'పని సాగుతోందా? ఏమైనా కావాలా?' అని. ఈ ఒక్క ప్రశ్న అన్ని పురస్కారాల్లోకీ విలువైనది. ఎందుకంటే అది ఫొటో కోసం అడిగేది కాదు.

మీరే ప్రతిపాదించొచ్చు!

* పద్మ పురస్కారాలకు ఎవరైనా ఎవరి పేరైనా పంపొచ్చు. తమ పేరు తామే పంపుకోవచ్చు కూడా. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో, కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ పురస్కార్‌ పోర్టల్‌లో తీసుకుంటారు. చేసిన కృషిని 800 పదాలకు మించకుండా రాయాలి. గడువు ఏటా ముందుగానే ప్రకటిస్తారు.

* 5 నుంచి 18 ఏళ్ల పిల్లలు సాహసం, సమాజసేవ, పర్యావరణం వంటి రంగాల్లో అసాధారణంగా ఏమైనా చేస్తే 'ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల్‌ పురస్కార్‌' ఉంది.

* రోడ్డు ప్రమాద బాధితుణ్ని ఆస్పత్రిలో చేర్చినవారు, ఇష్టమైతే, పోలీసుల నుంచి రసీదు తీసుకోవాలి. ఇలాంటి పథకాల గడువులు, మొత్తాలు మారుతుంటాయి కనుక స్థానిక పోలీస్‌ స్టేషన్‌లోనో ఆర్టీఏ కార్యాలయంలోనో కనుక్కోవడం మంచిది.

* ప్రమాదం కనిపిస్తే ముందు 108కి ఫోన్‌ చేయండి. మన రాష్ట్రంలో ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఈ పనికి దరఖాస్తుతో అవసరం లేదు!

* ఏ పురస్కారానికైనా డబ్బు కట్టమన్నారంటే, అది పురస్కారం కాదు... బేరం.